చప్పుడు లేని మోటరు

ఆ వేసవిలో మా ఇంట్లో ఇద్దరు మగవాళ్ళకు కలిపి ఒక్కటే నోరు ఉండేది. అది నాది.

మా బాపు రాజలింగం వసారాలో కుర్చీ మీద కూర్చునేవాడు. అన్న పంకజ్ అదే వసారాలో గడప మీద కూర్చునేవాడు. ఇద్దరి మధ్య నాలుగడుగుల నేల. "వసుధా, స్కూటరు తాళంచెవి యాడ పెట్టిండో అడుగు మీ అన్నను" అనేవాడు బాపు. అన్నకు ఆ మాట వినబడేది, కాని విన్నట్టు ఉండేవాడు కాడు. నేను చదువుతున్న పుస్తకం మూసి, తల అటు తిప్పి, అదే మాట మళ్ళీ అనేదాన్ని. "మేకుకే ఉన్నదని చెప్పు" అనేవాడు అన్న. నేను తల ఇటు తిప్పి, మేకుకే ఉన్నదట అనేదాన్ని. అప్పుడు గాని బాపు చెవిలోకి ఆ జవాబు దిగేది కాదు. చంద్రపూర్‌లో డిగ్రీ పరీక్షలు రాసి ఇంటికి వచ్చింది ఇందుకేనా అని మెడ నిమురుకుంటూ అనుకునేదాన్ని.

ఈ మౌనం పుట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను. సిరొంచ బస్టాండు రోడ్డులో మాది పొలం మోటార్ల దుకాణం. దానికో పద్ధతి ఉంది, ఇరవై ఆరేళ్ళ కింద బాపు పెట్టిన పద్ధతి. ఏ మోటరైనా దుకాణం గడప దాటే ముందు చెక్క పీట ఎక్కాలి. బాపు దానికి పసుపు పూసి, కుంకుమ బొట్టు పెడతాడు. తీగలు కలిపి ఒక్క క్షణం తిప్పుతాడు. కొనేవాడు దాని మీద అరచెయ్యి ఆనించి ఆ చప్పుడు వినాలి. "గొంతు ఇన్నవా? ఇగ ఇది నీది" అంటాడు బాపు. బొట్టు పడ్డ మోటరు పీట దిగి మళ్ళీ అరల్లోకి పోయిన రోజు ఆ దుకాణంలో లేదు.

మాఘమాసంలో ఒక ఆదివారం కమలాపూర్ పక్కన ఉన్న ఊరి నుంచి జంగు అనే రైతు వచ్చాడు. నేను సెలవుకు వచ్చి, దుకాణానికి అన్నం గిన్నె తీసుకుపోయి నిలబడి ఉన్నాను. బాపు, అన్న చెరో పక్క పట్టి ఐదు హెచ్‌పీ మోటరును పీట మీదికి ఎక్కించారు. బాపు బొట్టు పెట్టాడు. జంగు అరచెయ్యి ఆనించాడు. అప్పుడు అన్న, మళ్ళీ మూలకు పోయి నట్లు ఏరుకుంటున్నవాడు, తలెత్తకుండానే బావి ఎంత లోతు, ఊట ఎట్లా ఉంటుంది అని అడిగాడు. జంగు చెప్పాడు.

"గా ఊటకు గింత మోటరెందుకు జంగన్నా? పావుగంటల బావి అడుగు కనబడ్తది. మూడు హెచ్‌పీ సాలు."

దుకాణంలో మరో నలుగురు రైతులు ఉన్నారు. జంగు మెల్లగా చెయ్యి తీశాడు. మూడు హెచ్‌పీ తీసుకుని వెళ్ళాడు. బాపు తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. తరువాత నా వైపు చూసి, గొంతు పెంచకుండా అన్నాడు. "వసుధా, మీ అన్నను ఇంటికి పొమ్మను."

నేను మోసిన మొదటి కబురు అది. ఆ ఐదు హెచ్‌పీ మోటరు బొట్టుతోనే దుకాణం మూలన కూర్చుంది. ఎంతమంది అడిగినా బాపు దాన్ని అమ్మలేదు, అరలోనూ పెట్టలేదు. పొద్దస్తమానం దాన్ని ఎదురుగా పెట్టుకుని కూర్చునేవాడు.

ఇంట్లో కూర్చున్న అన్నకు చేతులు ఊరుకోలేదు. పెరట్లో, ఎడ్లు ఉన్న రోజుల నాటి సిమెంటు హౌజు, అంటే నీళ్ళ తొట్టి, ఒకటి ఆకులతో నిండి ఉండేది. దాన్ని గీకాడు, పగుళ్ళు పూడ్చాడు, నడుము లోతు నీళ్ళు నింపాడు. ఏప్రిల్‌లో జంగు తడి గోనెసంచి భుజాన వేసుకుని వచ్చాడు. దుకాణానికి పోలేదు, పెరటి దారిన ఇంటికే వచ్చాడు. వాళ్ళ ఊరి చెరువులో తవ్విన కలువ దుంపలు తెచ్చాడు. మోటరు బాగా నడుస్తోందని, బావి ఎండలేదని, మిరపతోట పచ్చగా ఉందని అన్నకు చెప్పి, సేటు కోపం చల్లారిందా అని అమ్మను చెవిలో అడిగాడు. అమ్మ చేతులు తిప్పింది. వారం తిరగకముందే అంకిస నుంచి చేపలు తెచ్చి అమ్మే లింగక్క, డబ్బాలో ప్రాణంతో ఉన్న వేలెడేసి చేపపిల్లలను కొన్ని ఆ హౌజులో వదిలింది. కలువ ఆకులు పైకి తేలాయి. వాటి కింద చేపలు తిరిగాయి. అమ్మ బియ్యం ఏరే పని కూడా అక్కడికే మార్చుకుంది. బాపు మాత్రం పెరటి వైపు చూసేవాడు కాడు. అది జంగు ఇచ్చిన కలువ కదా.

మే నెల ఎండ ముదిరింది. ఒకరోజు పొద్దున్నే చూస్తే చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. లింగక్క వంగి చూసింది. "నిలవ నీళ్ళు తల్లీ, పానం ఆడ్తలేదు వాటికి. నీళ్ళు కదలాలె, మీదికెళ్ళి పడాలె. దానికేదన్న ఏర్పాటు చేసేదాక బిందెతోని పొయ్యిన్రి" అని చెప్పి గంప ఎత్తుకుంది. ఆ రోజు నుంచి తెల్లవారకముందే అమ్మా నేనూ హౌజులో నీళ్ళు ముంచి, ఎత్తి, మళ్ళీ హౌజులోనే పోసేవాళ్ళం. నూరు బిందెలు. పగలంతా మాటలు ముంచి పొయ్యడం, పొద్దున్నే నీళ్ళు ముంచి పొయ్యడం. సిరొంచ తాలూకాలో మోటార్ల వ్యాపారి ఇల్లు మాది.

అప్పుడే అల్లపల్లి నుంచి కిషన్ అనే ఆయన అన్నకు ఫోను చేశాడు. ఆయనకు మోటార్లకు తీగ చుట్టే దుకాణం ఉంది, చేతి పని తెలిసిన మనిషి కావాలి. మిర్గం నాటికి, అంటే మృగశిర కార్తె వచ్చేలోగా రమ్మన్నాడు. అన్న సరేనన్నాడు. అటక మీది బ్యాగు దించి దుమ్ము దులిపి తలుపు వెనక వేలాడదీశాడు. అమ్మ నూరో బిందె పోసి హౌజు గట్టు మీద కూర్చుంది.

"గాడు పోతే మీ బాపు రమ్మనడు. మీ బాపు రమ్మనకపోతే గాడు రాడు. ఇగ అంతే. మిర్గం లోపట వాళ్ళిద్దర్ని ఎట్లనన్న మాట్లాడియ్యి బిడ్డా."

నేను ఆలోచించాను. వాళ్ళిద్దరికీ ఈ లోకంలో బాగా తెలిసింది ఒక్కటే, మోటరు. మాట కలిస్తే దాని మీదనే కలవాలి. ఆ సాయంత్రం వసారాలో, నాలుగడుగుల నేల మధ్య నిలబడి, హౌజుకు ఒక పంపు కావాలి, ఏది పెడదాం అని గట్టిగా అడిగాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ మురిపెం అయిదు నిమిషాలు నిలవలేదు.

అన్న అప్పటికే లెక్క కట్టి ఉన్నాడు. హౌజులో రెండు వేల లీటర్లున్నాయి, గంటకు వెయ్యి తిరిగితే చాలు, నాలుగడుగుల ఎత్తుకు ఎక్కితే చాలు. కలువ ఆకుల మీద నీళ్ళ దెబ్బ పడితే అవి కుళ్ళిపోతాయి కాబట్టి సన్నటి ధార ఒక మూలకు పడాలి. దానికి పిడికిలంత పంపు ఉంటుంది, పద్దెనిమిది వాట్లది.

"పద్దెనిమిది వాట్లా" అన్నాడు బాపు నాతో. "గా వాట్లకు బల్బు గూడ సక్కగ ఎలగదని చెప్పు మీ అన్నకు."

"బల్బు ఎలగనీకి కాదు, చేపలు బతకనీకి అని చెప్పు బాపుకు."

"రాజలింగం ఇంట్ల బొమ్మ మోటరు తిరుగుతుందంటె బస్టాండుల మనుషులు ఏమంటరో అడుగు."

"బస్టాండోళ్ళు వచ్చి మన హౌజుల మునుగుతరా అని అడుగు."

నేను అటు తిరిగాను, ఇటు తిరిగాను. మూడో రోజుకు ఒక మాట చెప్పకముందే దాని జవాబు నాకు తెలిసిపోయేది. అయినా చెప్పాలి. చెప్పకపోతే ఇద్దరూ నన్నే ఎర్రగా చూసేవాళ్ళు. అమ్మ వంటింట్లోంచి, మీ ముగ్గురి కంటే ఆ చేపలు నయం, నోరు తెరిచి ఊరుకుంటాయి అంది.

ఆదివారం పొద్దున బాపు స్కూటరు మీద ఒక హెచ్‌పీ మోటరు తెచ్చాడు. నాతో కూడా ఏమీ చెప్పలేదు. పంచె ఎగగట్టి హౌజులోకి దిగాడు, మోటరు దించాడు, అంగుళం పైపు బిగించాడు. పైపు మూతిని జామకొమ్మకు వంచి బైండింగు తీగతో కట్టాడు. అన్న గడప మీద నుంచి చూస్తున్నాడు.

"ఆ కట్టు ఆగదని చెప్పు."

చెప్పాను.

"ఇరవై ఆరేండ్ల సంది కడ్తున్నని చెప్పు."

చెప్పడానికి తల తిప్పుతున్నాను. బాపు మీట నొక్కాడు. పైపు ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. తీగ తెంపుకుని, జామకొమ్మను విదిలించి, గోడ మీదికి మెడ చాచి, పక్కింటి వాకిట్లోకి ధారగా కక్కింది. పక్కిల్లు సుశీలాబాయిది. వాకిలి నిండా ఆమె కురడ్యా ఎండబెట్టి ఉంది. గోధుమలు మూడు రోజులు నానబెట్టి, పాలు తీసి, ఉడికించి, జంతికల్లా వత్తి ఎండబెట్టే వేసవి పని అది. పైపును అందుకోబోయిన బాపు తడి కాళ్ళతో జారుతూ మళ్ళీ మీట దగ్గరికి చేరేసరికి హౌజులో జానెడు నీళ్ళు తగ్గాయి. సుశీలాబాయి అరవలేదు. గోడకు ఆవల నిలబడి, తడి చీరకుచ్చిళ్ళు పిండుకుంటూ, చాలా మర్యాదగా అమ్మతో అంది.

"కుసుమక్కా, మూడు దినాల కష్టం. ఇగ మీరే వండుకోన్రి. నానపెట్టే పని గూడ మీ ఆయననే చేసిపెట్టిండు."

అన్న నవ్వుతాడేమోనని భయపడ్డాను. అతను నవ్వలేదు. బాపు మోటరును పైకి తీశాడు. దాని జాలికి నాలుగు చేపపిల్లలు అతుక్కుని ఉన్నాయి. బాపు హౌజు గట్టు మీద కూర్చుని గోటి కొనతో ఒక్కొక్కదాన్నీ విడదీసి నీళ్ళలో వదిలాడు. రెండు ఈదుకుంటూ పోయాయి. రెండు పోలేదు. ఆ రెంటినీ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అన్న లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఇక నాకు మోయడానికి ఒక్క కబురూ దొరకలేదు.

మరుసటి పొద్దున నేను పెరట్లోకి వెళ్ళేసరికి బాపు బిందెతో నీళ్ళు ముంచి పోస్తున్నాడు. నన్ను చూసి బిందె దించాడు. "మీ అమ్మకు నడుము నొస్తుందట" అని, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. అమ్మకు ఏ నడుము నొప్పీ లేదు.

అన్న ఫోనులోనే ఆ చిన్న పంపు తెప్పించాడు. కొరియరు వాళ్ళు మా సందులోకి రారు కాబట్టి దుకాణం చిరునామా ఇచ్చాడు, ఫోను నంబరు నాది. పది రోజులు ఆ పార్సిలు నా ప్రాణం తీసింది. ఒకడు హిందీలో, అల్లపల్లిలో ఉంది వచ్చి తీసుకుపోండి అన్నాడు. ఇంకొకడు మరాఠీలో, సిరొంచ అనే ఊరు మా లిస్టులోనే లేదన్నాడు. లేని ఊళ్ళో నిలబడే నేను మాట్లాడుతున్నానని చెప్పాను. మిర్గానికి నాలుగు రోజులుంది. అన్న బ్యాగులో చొక్కాలు మడత పెట్టుకున్నాడు.

చివరికి ఒక మధ్యాహ్నం బాపు భోజనానికి వస్తూ పార్సిలు తెచ్చాడు. నిన్ననే దుకాణానికి వచ్చిందట. నా ముందు పెట్టి, "మీ అన్న బొమ్మ వచ్చింది, ఇయ్యి" అని చేతులు కడుక్కోవడానికి పోయాడు. డబ్బా మూతకు నల్ల టేపు అంటించి ఉంది. కొరియరు వాళ్ళు ఇంత శుభ్రంగా అంటిస్తారా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచన అక్కడే వదిలేశాను.

అన్న దానికి సన్నటి గొట్టం తొడిగి, నీళ్ళలో దించి, ప్లగ్గు పెట్టాడు. నీళ్ళు కదలలేదు. ప్లగ్గు మార్చాడు. కరెంటు చూశాడు. పంపు తీసి దులిపాడు, మళ్ళీ దించాడు. ఏమీ లేదు. బాపు వసారాలో అన్నం కలుపుతూ ఉన్నాడు, ముద్ద నోటి దాకా పోవడం లేదు.

"ఖరాబు పీసు" అన్నాడు అన్న. కోపం కూడా లేదు అతని గొంతులో. "వాపస్ పంపియ్యి చెల్లె. నేను రేపు పొద్దుగల బండికే పోత. బాపు గెలిచిండని చెప్పు."

నేను చెప్పలేదు. బాపు కంచం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, ఎండలోనే దుకాణానికి వెళ్ళిపోయాడు. నేను పంపును డబ్బాలో పెడుతూ తడి తుడవడానికి తిరగేశాను. దాని అడుగున, ఎవరికీ కనబడని చోట, పెసరగింజంత పసుపు. దాని నడుమ సూది మొనంత కుంకుమ. బాపు ఉంగరపు వేలు అంత చిన్న బొట్టు పెట్టలేదు. అగ్గిపుల్లతో పెట్టి ఉంటాడు.

బాపు దాన్ని పీట ఎక్కించాడన్నమాట. ఎక్కించి, గొంతు వినడానికి ప్లగ్గు పెట్టి ఉంటాడు. నీళ్ళు లేకుండా.

వేసవి పొడుగునా ప్రతి మాటా మోసినదాన్ని. ఈ ఒక్కటి మోయబుద్ధి కాలేదు. పంపును తిరగేసి అన్న అరచేతిలో పెట్టాను. అతను చూశాడు. బొటనవేలితో దాని చుట్టూ నిమిరాడు, బొట్టును మాత్రం తాకలేదు.

"బాపు పెట్టిండా?"

"నాకేం ఎరుక. పోయి అడుగు."

అన్న చెప్పులు వేసుకున్నాడు. నేను వెనకనే వెళ్ళాను. ఎండకు రోడ్డు మీద మనిషి లేడు. దుకాణంలో బాపు ఒక్కడే ఉన్నాడు, ఎదురుగా మూలన ఆ ఐదు హెచ్‌పీ మోటరు. అన్న లోపలికి పోయి పిడికిలంత పంపును చెక్క పీట మధ్యన పెట్టాడు. బాపు దాన్ని చూశాడు. తరువాత అలవాటుగా నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. వీపు మీద వాళ్ళిద్దరి చూపులూ తగులుతూనే ఉన్నాయి. తిరగలేదు. ఒక లారీ పోయింది. దాని దుమ్ము కూడా అణిగింది.

"చప్పుడే రాలేదురా" అన్నాడు బాపు.

నా వెనక బాపు కుర్చీ కిర్రుమంది.

"తిరుగుతలేదేమో అనుకొని జర ఎక్కువసేపు పెట్టిన."

"ఎంతసేపు?"

"చాయ్ తాగేదాక."

అన్న పీట ముందు గొంతుక్కూర్చున్నాడు. "గిది నీళ్ళల్ల పెట్టినంక ఇనాలె బాపు" అన్నాడు.

బాపు సొరుగు లాగి సన్న స్క్రూడ్రైవరు తీసి కొడుకు ముందు పెట్టాడు. విప్పి చూస్తే లోపల తిరిగే చక్రం ఇరుసును పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టు వేడికి కరిగి బిగుసుకుపోయి ఉంది. తీగ చుట్ట మాత్రం బాగానే ఉంది. బాపు నా జేబురుమాలు దగ్గర నుంచి నా పెన్ను దాకా అన్నీ అడిగాడు. ఆ పెన్ను గొట్టాన్నే గోరంత కోసి, ఆకురాయితో నున్నగా అరగదీసి, కొత్త ఇరుసు పట్టు చేశాడు. ఎక్కువ అరగదీసినవ్ అని అన్న, నువ్వు జర ఊకో అని బాపు. రెండు తలలు ఒకదానికొకటి తగిలేంత దగ్గరగా వంగి ఉన్నాయి. పరీక్షలన్నీ రాసిన పెన్ను అది.

సాయంత్రం పంపు హౌజులోకి దిగింది. ప్లగ్గు అన్న పెట్టాడు. సన్నటి ధార గొట్టం ఎక్కి, ఒక మూలన నీళ్ళ మీద పడింది. కలువ ఆకు ఒక్కటి కూడా వణకలేదు. చేపలు ఆ మూలకు చేరాయి. బాపు చొక్కా చెయ్యి పైకి మడవకుండానే భుజం దాకా నీళ్ళలోకి వంగి, గొట్టానికి వేలాడుతున్న పంపు మీద అరచెయ్యి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. మేమందరం ఆగాం.

"తిరుగుతుంది" అన్నాడు. నాతో అనలేదు.

మిర్గం నాటి వాన ఒకరోజు ఆలస్యంగా వచ్చింది. నాట్లు అయ్యేదాకా ఇక్కడే పని ఉందని అన్న కిషన్‌కు ఫోను చేసి చెప్పాడు. ఆ తరువాత సంగతి అడగలేదు ఆయన, ఇతను చెప్పలేదు. బ్యాగు అటక ఎక్కింది. ఇంట్లో శాంతి ఏమీ రాలేదు. ఇప్పుడు తండ్రీ కొడుకులు తిన్నగా ఒకరి ముఖం మీద ఒకరు అరుచుకుంటారు, గొట్టం ఎత్తు పెంచాలా తగ్గించాలా అని, గోడవతల సుశీలాబాయికి వినబడేట్టు. మూగగా ఉన్నప్పుడే నయం కదా కుసుమక్కా అని ఆమె రెండుసార్లు అడిగింది. నేను మధ్యలో ఏదైనా అనబోతే, నీకెందుకు నడుమ అని ఇద్దరూ ఒక్క గొంతుతో అంటారు.

సెలవులు ముగిసి చంద్రపూర్ బండి ఎక్కే ముందు రోజు దుకాణానికి అన్నం గిన్నె తీసుకుపోయాను. ఇద్దరూ రైతుల మధ్య ఉన్నారు. కూర్చోవడానికి మూలకు పోతే ఆ మూల ఖాళీగా ఉంది. తలెత్తి చూశాను. బొట్టు తుడిచి, ఆ ఐదు హెచ్‌పీ మోటరును పై అరలో, మిగతా వాటి వరసలో పెట్టారు. ఎవరు పెట్టారని నేను అడగలేదు. దాన్ని అంత ఎత్తుకు ఎక్కించాలంటే ఇద్దరు పట్టాలి.